అన్నం మానేసిన మనవరాలికి అమ్మమ్మ ఉత్తరం

రాజమండ్రి

చిరంజీవులు చిన్నారికి, బుజ్జిగాడికి అమ్మమ్మ ఆశీస్సులు.

చిన్నారీ, నువ్వు అన్నం మానేసి రెండు పూటలా కీరా ముక్కలతో సరిపెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అక్క పెళ్ళిలోపు, అంటే నెలలో, పది కేజీలు తగ్గాలట. తిట్టడానికి రాయడం లేదులే. ఈ పని నేనూ చేశాను. మీ అమ్మ పెళ్ళికి ముందు మూడు నెలలు అన్నం ముట్టకుండా పదకొండు కేజీలు తగ్గాను. ఆల్బమ్‌లో సన్నగా ఉన్నావిడ నేనే, అనుమానం అక్కర్లేదు. ఏడాది తిరిగేసరికి ఆ పదకొండూ వచ్చేశాయి, ఇంకో రెండింటిని వెంటేసుకుని మరీ.

సైన్సు టీచర్ని కదా, లెక్క చెప్పకుండా వదలను. ఒక కేజీ కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 కేలరీల లోటు పడాలి. పది కేజీలకు 77,000. ముప్పై రోజులకు పంచితే రోజుకు 2,500 పైమాటే. నీ వయసు ఆడపిల్లలు చాలామంది రోజంతా తినేదే అంత ఉండదు. పచ్చి మంచినీళ్ళు తాగి పడుకున్నా ఆ లెక్క తేలదమ్మా. మరి మొదటి వారంలోనే మూడు కేజీలు తగ్గానని మురిసిపోయావట! అందులో ఎక్కువ భాగం నీళ్ళే. కాలేయం, కండరాలు గ్లైకోజెన్ రూపంలో పిండిపదార్థం దాచుకుంటాయి. ఒక్కో గ్రాము సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. అన్నం మానగానే అది ఖర్చయిపోతుంది, నీరూ పోతుంది. నాలుగు రోజులు పప్పన్నం తిన్నావంటే మళ్ళీ హాజరు.

అసలు చిక్కు తర్వాత వస్తుంది. కొవ్వు తగ్గితే ఒళ్ళు సంతోషించదు, కరువొచ్చిందని కంగారు పడుతుంది. కొవ్వు కణాలనుంచి లెప్టిన్ అనే హార్మోను వస్తుంది, నిల్వ ఎంతుందో మెదడుకు కబురు చేసేది అదే. 1994లో కనిపెట్టారు. కొవ్వుతో పాటు లెప్టినూ తగ్గి ఆకలి పెరుగుతుంది. అమెరికాలో బరువు తగ్గే టీవీ పోటీ ఒకటి ఉండేది. అందులో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ళ తర్వాత పరీక్షిస్తే, తగ్గిన 58 కేజీల్లో సగటున 41 తిరిగొచ్చాయి. ఊరికే కూర్చున్నప్పుడు వాళ్ళ ఒంట్లో ఖర్చయ్యే కేలరీలు ఉండాల్సినదానికన్నా రోజుకు 500 దాకా తక్కువ. 2016లో వచ్చిన ఆ సంగతి చదివాక, అంతా నా నోటి కక్కుర్తేనని తిట్టుకోవడం మానేశాను.

ఆ తర్వాత షుగర్ బార్డర్‌లో ఉందని డాక్టరుగారు అంటే మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి చచ్చేదాకా చేయగలిగిన మార్పులే చేద్దామనుకున్నాను.

అంతకుముందు పోపుకి నూనె ప్యాకెట్ మూల కత్తిరించి నేరుగా మూకుట్లోకి వంపేదాన్ని. ఒకరోజు ఎందుకో అలా వంపినదాన్ని చెంచాతో కొలిచాను. పన్నెండు చెంచాలు! ఒక్క వంకాయ కూరకి. చెంచా నూనె అంటే 45 కేలరీలు. ఇప్పుడు నాలుగు చెంచాలు వేసి, మూత పెట్టి, సన్నని సెగ మీద మగ్గిస్తున్నాను. మొదటి వారం మీ తాతయ్య "ఇది కూరా, పథ్యమా" అన్నారు. తర్వాత అలవాటు పడ్డారు. ఆవకాయ జాడీ జోలికి మాత్రం నన్ను వెళ్ళనివ్వలేదు.

ఇంకోటి చెప్పాలంటే సిగ్గే. మీరు వదిలేసిన పెరుగన్నం, తాతయ్య మిగిల్చిన ఉప్మా పారేయడం పాపమని, గిన్నె దగ్గరే నిలబడి తినేసేదాన్ని. దాన్ని ఏనాడూ తిండి కింద లెక్కెయ్యలేదు. ఇప్పుడు తక్కువ వండుతున్నాను, అంతే. అన్నం మానలేదు. కంచంలో ముందు కూర, పప్పు వడ్డించుకుని మిగిలిన చోట్లో అన్నం పెట్టుకుంటాను. గుడ్డో, పప్పో, పెరుగో ప్రతి పూటా ఉండాల్సిందే, లేకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. తొమ్మిది కేజీలు తగ్గడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

నడక మీద పెద్ద ఆశలు పెట్టుకోకు. గంట నడిస్తే నాకు ఖర్చయ్యేది నాలుగైదు చెంచాల నూనె పాటి. కానీ తగ్గిన బరువు నిలబడడానికి నడకే దిక్కు. బరువు తగ్గి ఏళ్ళ తరబడి నిలబెట్టుకున్నవాళ్ళ వివరాలను అమెరికాలో 1994 నుంచి సేకరిస్తున్నారు. వాళ్ళలో ఎక్కువమంది రోజుకు గంట దాకా వ్యాయామం చేస్తారు, వారానికోసారైనా బరువు చూసుకుంటారు. నేను ప్రతి ఆదివారం చూసుకుంటాను. రెండు కేజీలు పెరిగితే జంతికల డబ్బా అటక మీదికి ఎక్కుతుంది.

బుజ్జిగా, అక్కని చూసి నువ్వు మొదలుపెట్టకు. పద్నాలుగేళ్ళు, ఎత్తు పెరిగే వయసు. డాక్టరు చెప్పకుండా నీ తిండి ఎవరూ తగ్గించకూడదు. కూల్‌డ్రింక్ మాత్రం మానెయ్. 250 మిల్లీలీటర్ల సీసాలో అయిదారు చెంచాల పంచదార ఉంటుందిరా.

చిన్నారీ, ఈ రాత్రి అన్నం తిను. సంక్రాంతికి అరిసెలు చేస్తాను, రెండు తింటే ఏమీ కాదు. పొద్దున్నే అయిదున్నరకి గోదావరి గట్టు మీదికి వెళ్దాం. బూట్లు తెచ్చుకో, పోయినసారి హీల్స్ వేసుకొచ్చి పుష్కరఘాట్ దాకా కూడా రాకుండానే ఆటో ఎక్కేశావు.

మీ అమ్మమ్మ