పేరూ అరువే, జోస్యమూ అరువే: గ్రౌండ్‌హాగ్ కథ

ఏటా ఫిబ్రవరి 2న తెల్లవారుతుండగా, అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో పంక్సటానీ అనే చిన్న ఊరి బయట గుట్ట మీద ఒక తంతు జరుగుతుంది. పొడవాటి నల్ల టోపీల పెద్దమనుషులు ఓ మొద్దు తొర్రలోంచి బొద్దుగా ఉన్న గ్రౌండ్‌హాగ్ అనే జంతువును తీసి, జనానికి కనబడేలా పైకెత్తుతారు. దాని పేరు ఫిల్. దానికి తన నీడ కనిపిస్తే చలి మరో ఆరు వారాలు. కనిపించకపోతే వసంతం ముందే వచ్చినట్టు. వేల మంది గడ్డకట్టే చలిలో నిలబడి చూసే ఈ జోస్యానికి మూలం ఆ జంతువులో లేదు, తేదీలో ఉంది.

క్రిస్మస్‌తో కలిపి లెక్కపెడితే ఫిబ్రవరి 2 నలభయ్యో రోజు. చర్చిలో కొవ్వొత్తులను ఆశీర్వదించే కాండిల్‌మస్ పండుగ అది. ఆ రోజు ఎండ కాస్తే చలి ఇంకా మిగిలే ఉందని, మబ్బు పడితే తగ్గుముఖం పట్టిందని యూరప్ రైతుల నమ్మకం. మబ్బు లేని రాత్రి నేల వేడి త్వరగా పోతుంది కాబట్టి ఇందులో పిసరంత తర్కం ఉంది. కానీ అది ఆ పూటకే. ఆరు వారాలకు చాలదు. జర్మన్ల దగ్గర ఈ నమ్మకంలోకి బొరియల్లో ఉండే బ్యాడ్జర్ అనే జంతువు వచ్చి చేరింది. వాళ్లు పెన్సిల్వేనియాకు వలస వచ్చాక, పొలాల్లో బొరియలు తవ్వుకునే గ్రౌండ్‌హాగ్‌కు ఆ కొలువు దక్కింది. 1841 ఫిబ్రవరి 4న అదే రాష్ట్రంలోని మోర్గన్‌టౌన్ ఊరి దుకాణదారు జేమ్స్ మోరిస్ తన డైరీలో ఈ ‘జర్మన్ల నమ్మకం’ గురించి రాసుకున్నాడు. పంక్సటానీ వేడుక మొదలైంది 1887లో.

అన్నట్టు, ఆ వలసదారులను ‘పెన్సిల్వేనియా డచ్’ అంటారు, జర్మన్లే అయినా. ఈ కథలో ఏ పేరూ సరిగ్గా అతకదు. గ్రౌండ్‌హాగ్ అంటే నేలపంది. అది ఉడుత కుటుంబానికి చెందిన జీవి. మరో పేరు వుడ్‌చక్. కట్టెతో దానికి సంబంధమే లేదు, స్థానిక తెగల మాట ఒకటి ఇంగ్లీషు నోళ్లలో పడి అలా మారింది. ‘ఈలపంది’ అని అర్థం వచ్చే విజిల్‌పిగ్ అనే పేరులో మాత్రం సగం నిజం ఉంది: అపాయం పసిగట్టగానే అది సన్నగా ఈల వేస్తుంది. ఇక పంది అంటారా, మనమూ తక్కువ తినలేదు. ఎలుక జాతి జీవిని పందికొక్కు అన్నాం. ఇంగ్లీషువాళ్లు ఆ మాటనే ‘బ్యాండికూట్’గా పట్టుకెళ్లి, ఏ సంబంధమూ లేని ఆస్ట్రేలియా జంతువులకు తగిలించారు.

నిజానికి ఫిబ్రవరిలో అడవిలోని గ్రౌండ్‌హాగ్‌కు నీడతో పని లేదు. శీతాకాలమంతా అది ముడుచుకుని పడుకుంటుంది. నిమిషానికి ఎనభై సార్లు కొట్టుకునే గుండె పది సార్లలోపుకు పడిపోతుంది, ఒళ్లు చల్లబడుతుంది. ఫిబ్రవరిలో మగది లేచి, చుట్టుపక్కల ఆడవాటి బొరియలు ఎక్కడున్నాయో చూసి వచ్చి మళ్లీ పడుకుంటుంది. జత కట్టడం మార్చిలో. అది బయటికి వచ్చేది పెళ్లిచూపులకు.

ఫిల్ జోస్యాల్లో సగం కూడా నిజం కాలేదని అమెరికా వాతావరణ శాఖ లెక్క. బొమ్మా బొరుసా వేసినా అంతకంటే నయమే. నిర్వాహకులు మాత్రం చెక్కుచెదరరు. ఫిల్ ఎన్నడూ తప్పలేదని, పైగా 1887 నుంచీ ఉన్నది ఒకే ఫిల్ అని, ఏటా వేసవిలో తాగించే రహస్య పానీయమే దాని ఆయుష్షును పెంచుతోందని నవ్వకుండా చెబుతారు. వేడుక మొదలైన రోజుల్లో అదే ఊళ్లో గ్రౌండ్‌హాగ్‌లను వేటాడి, విందులో వండి వడ్డించుకునేవారు.