13 సెంటీమీటర్ల తేడా

పర్లాకిమిడిలో మా అక్కావాళ్లింట్లో కంప్యూటరు పెట్టిన బల్ల మీద ఒకప్పుడు భోజనాలు చేసేవారు. మేనల్లుడు తొమ్మిదో తరగతి. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, కంప్యూటర్లో ఇంగ్లీషు. మొన్న నేను వెళ్లేసరికి తల తిప్పకుండా ఒళ్లంతా తిప్పి చూశాడు. "మావయ్యా, మెడ పట్టీసింది."

"నిటారుగా కూర్చోరా అంటే వింటాడేటి!" వంటింట్లోంచి అక్క.

టేపు తీసి కొలిచాను. బల్ల ఎత్తు 75 సెంటీమీటర్లు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చేతులు వదిలేస్తే వాడి మోచెయ్యి నేల నుంచి 62 దగ్గరుంది. మిగిలిన 13 సెంటీమీటర్లూ భుజాలే పూడ్చాలి. కీబోర్డు అందుకోవడానికి అవి చెవుల వైపు ఎగబాకి, గంటా గంటన్నర అక్కడే ఉండిపోతున్నాయి.

భుజం ఎత్తి ఉంచడం పెద్ద బరువేమీ కాదు. చిక్కంతా అందులోనే ఉంది. కండరంలో పోగులన్నీ ఒకేసారి పనిలోకి దిగవు. తేలిక పనికి చిన్న పోగులు దిగుతాయి, బరువు పెరిగితేనే పెద్దవి తోడొస్తాయి. బరువు తగ్గగానే పెద్దవి తప్పుకుంటాయి, చిన్నవి చివరిదాకా ఉంటాయి. అందరికంటే ముందు లేచి, అందరూ పడుకున్నాక నడుం వాల్చే ఉమ్మడి కుటుంబంలో కోడలి బతుకే వాటిదీ. అలా తెరిపి లేకుండా పనిచేసి అవి దెబ్బతింటాయని స్వీడన్ పరిశోధకుడు యోరాన్ హెగ్ 1991లో ఊహించి, ఆ ఊహకు, కథలో ఇంటి చాకిరీ అంతా చేసే సిండరెల్లా పేరు పెట్టాడు. మన ఇళ్లలోనైతే పేరు కోసం అంత దూరం వెళ్లక్కర్లేదు.

అందుకే 'నిటారుగా కూర్చో' అనే సలహా నాకు గిట్టదు. బిగుసుకుని నిటారుగా కూర్చున్నా ఆ పోగులకు సెలవుండదు. అరగంటకోసారి లేచి మంచినీళ్లు తాగొస్తే దొరుకుతుంది.

ఈ విద్యను ఎర్గోనమిక్స్ అంటారు. 1857లో పోలండు పండితుడొకాయన గ్రీకు మాటల్లోంచి కూర్చిన పేరది. గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊళ్లో ఆ మాట వాడాలంటే మొహమాటమే గానీ, అర్థం సులువు: పనిని మనిషి కొలతలకు అమర్చడం. ఎదిగే పిల్లలతో ఇది కష్టం. ఒళ్లు సాగే వయసులో ఏడాదికి 8, 9 సెంటీమీటర్లు పెరుగుతారు, బడి కంప్యూటర్ గదిలో బల్లలన్నీ ఒకే ఎత్తు. కూర్చునే పద్ధతి మీద పరీక్ష పెడితే 20కి 20 తెచ్చుకున్న పిల్లాడైనా మళ్లీ ఆ బల్ల దగ్గరికే వెళ్లాలి. పాఠం ఎంత మంచిదైనా వడ్రంగి పని చెయ్యలేదు.

ఫోను సంగతి వేరే. తల బరువు ఇంచుమించు 5 కిలోలు. 60 డిగ్రీలు వంచితే మెడ మీద పడే భారం 27 కిలోలదాకా ఉంటుందని 2014లో ఒక అమెరికన్ సర్జను లెక్కగట్టాడు. అది కంప్యూటర్ నమూనా మీద లెక్కే, నిజం మెడల్లో కొలిచింది కాదు.

ఇక మావాడి కుర్చీ. బొంతలు మడిచి వేస్తే మోచెయ్యి బల్ల ఎత్తుకొచ్చింది గానీ, కాళ్లు గాల్లో వేలాడి కుర్చీ అంచు తొడల కింద ఒత్తుకుంది. వంటింట్లో పీట తెచ్చి పాదాల కింద పెట్టాను. మనిషి లేచేసరికి తెర కిందికి పోయింది. దాని కింద ఎనిమిదో తరగతి ఒడియా పుస్తకాలు దొంతర పెట్టాం. భుజాలు దిగాయి.

సాయంత్రం కూర తరగడానికి కూర్చోబోయి, అక్క పీట కోసం ఇల్లంతా వెతికింది.