ఏడుపు, నవ్వు, భయం అంటుకుంటాయా? పిల్లల కోసం అపోహలు - వాస్తవాలు

పిల్లలూ, నేను హైదరాబాద్‌లో చైల్డ్ సైకాలజిస్ట్‌ని, స్కూళ్లకి వెళ్లి మీలాంటి వాళ్లతో మాట్లాడటం నా పనిలో పెద్ద భాగం. ఒకరి ఫీలింగ్స్ ఇంకొకరికి అంటుకోవడం గురించి క్లాసుల్లో మీరు నాతో ఎక్కువగా అనే మాటలు కొన్ని ఇక్కడ పెడుతున్నా. తెలుగు చదవడం కష్టమైతే అమ్మనో తాతయ్యనో చదివి వినిపించమనండి, వాళ్లు కూడా తెలుసుకోవాల్సిన సంగతులే ఇవి.

అపోహ: పక్కవాళ్లని చూసి ఏడ్చేది పిరికోళ్లే.

వాస్తవం: అస్సలు కాదు. జూన్‌లో స్కూల్ తెరిచిన రోజు ఎల్‌కేజీ క్లాస్ దగ్గర నిలబడి చూడండి, ఒక్క పాప అమ్మ చెయ్యి వదలనని ఏడుపు అందుకుంటే అప్పటిదాకా మంచిగా బొమ్మలతో ఆడుకుంటున్నవాళ్లు కూడా మూతి ముడుస్తారు, కాసేపట్లో క్లాసంతా ఏడుపే. 1971లో సిమ్నర్ అనే సైంటిస్ట్, పుట్టి కొన్ని రోజులే అయిన పాపాయిలకి ఇంకో పాపాయి ఏడుపు రికార్డింగ్ వినిపించారు, కంప్యూటర్‌తో తయారుచేసిన ఏడుపులాంటి శబ్దం కూడా వినిపించారు. నిజం పాపాయి ఏడుపు విన్నప్పుడే వాళ్లు ఎక్కువ ఏడ్చారు. మాటలు రాకముందే మనలో ఉన్న గుణం ఇది, దీనికి సిగ్గుపడక్కర్లేదు.

అపోహ: జలుబుకి ఉన్నట్టు దీనికీ ఏదో క్రిమి ఉంటుంది.

వాస్తవం: క్రిమి లేదు. ఎదుటివాళ్లు నవ్వితే మనకి తెలీకుండానే మన బుగ్గల కండరాలు కదులుతాయి, కోపంగా చూస్తే కనుబొమ్మల దగ్గర కండరం బిగుసుకుంటుంది. స్వీడన్‌లో డింబర్గ్ అనే సైంటిస్ట్, ఆయనతో పనిచేసేవాళ్లు నవ్వుముఖం, కోపం ముఖం 30 మిల్లీసెకన్లే చూపించారు, రెప్పపాటు కంటే ఎంతో తక్కువ, ఏం చూశారో చూసినవాళ్లకే తెలీదు, అయినా సెన్సర్లు పెట్టి చూస్తే ముఖంలో కండరాలు కదిలాయి. 2000లో ఆ సంగతి పేపర్‌గా అచ్చయింది. ముఖమే కాదు, గొంతు, కూర్చునే తీరు కూడా ఇట్లా కాపీ అవుతాయి, ఒళ్లు అట్లా మారితే మనసు కూడా కొంచెం అటే జరుగుతుందని చాలామంది సైకాలజిస్టులు అంటారు. యూట్యూబ్‌లో అంతా మిర్రర్ న్యూరాన్ల పనే అని చెప్తుంటారు కదా, అంటే మనం ఒక పని చేసినా, ఇంకొకరు ఆ పని చేస్తుంటే చూసినా పనిచేసే మెదడు కణాలు, వాటిని 1990లలో ఇటలీలోని పార్మాలో కనిపెట్టారు, అది కూడా కోతుల్లో, చేత్తో వస్తువుల్ని పట్టుకునే పని దగ్గర. మన ఫీలింగ్స్ అన్నీ పాకేది వాటివల్లే అని ఇంకా తేలలేదు.

అపోహ: నవ్వు అంటుకుందంటే అందరూ హ్యాపీగా ఉన్నట్టే.

వాస్తవం: ఆఫ్రికాలో ఇప్పటి టాంజానియాలో కషాషా అనే ఊరు ఉంది, అక్కడ ఒక ఆడపిల్లల బోర్డింగ్ స్కూల్. 1962 జనవరి 30న ముగ్గురు అమ్మాయిలకి నవ్వు మొదలైంది, ఆగలేదు, పక్కవాళ్లకి పాకింది, 159 మందిలో 95 మందికి వచ్చేసింది, నవ్వు మధ్యలో ఏడుపు, పరేషాన్ అయిపోయి చదువుకోలేకపోయారు, చివరికి మార్చిలో స్కూలే మూసేశారు. ఇళ్లకి వెళ్లినవాళ్ల ఊళ్లలోనూ పాకింది. డాక్టర్లు టెస్టులు చేస్తే ఏ జబ్బూ దొరకలేదు. టీచర్లకి మాత్రం రాలేదు! లోపల పేరుకున్న ఒత్తిడి నవ్వు రూపంలో బయటపడిందని తర్వాత దీన్ని స్టడీ చేసినవాళ్లు అన్నారు. హాస్టల్‌లో ఇంటర్ చదివే అక్క మీ ఇంట్లో ఉంటే తనకి ఈ కథ చెప్పండి, తనకి ఇట్టే అర్థమవుతుంది.

అపోహ: అమ్మానాన్న టెన్షన్ దాచేస్తే పిల్లలకి ఏం కాదు.

వాస్తవం: ఇది పెద్దవాళ్ల అపోహ, నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఇదే. 2020లో అమెరికాలో వాటర్స్ అనే సైకాలజిస్ట్ వాళ్ల టీమ్ 109 మంది అమ్మానాన్నలతో, వాళ్ల 7 నుంచి 11 ఏళ్ల పిల్లలతో చేసిన స్టడీ బయటికి వచ్చింది. ముందు పెద్దవాళ్లకి టెన్షన్ వచ్చే పని ఇచ్చి, తర్వాత కొందరిని ఆ టెన్షన్ పిల్లల ముందు దాచమన్నారు, మిగతావాళ్లని మామూలుగా ఉండమన్నారు, ఆ తర్వాత ఇద్దరూ కలిసి లెగో కట్టాలి, ఎట్లా కట్టాలో చూసి చెప్పే కాగితం పిల్లల చేతిలో, ముక్కలు పెద్దవాళ్ల చేతిలో. టెన్షన్ దాచినవాళ్లు పిల్లలతో ముభావంగా అయిపోయారు, పిల్లలు కూడా వాళ్లతో అట్లాగే అయ్యారు, దాచింది అమ్మ అయితే పిల్లల్లో స్ట్రెస్ ఇంకా ఎక్కువ కనిపించింది. ఏదో జరిగిందని మీకు తెలుస్తుంది, ఏంటో మాత్రం తెలీదు, అప్పుడు చాలామంది పిల్లలు "నేనేం తప్పు చేశానో" అని తమ మీదే వేసుకుంటారు. అందుకే పెద్దలకి చెప్తున్నా, "ఆఫీస్‌లో పని చెడింది, చిరాగ్గా ఉన్నా, నీ వల్ల కాదు నాన్నా, కాసేపట్లో తగ్గుతుంది" అనండి, చాలు, అప్పుల లెక్కలన్నీ చెప్పక్కర్లేదు. పిల్లలూ, వాళ్లు చెప్పకపోతే మీరే అడగండి, "అమ్మా, నా వల్లనా?" అని.

అపోహ: ఫ్రెండ్ ఏడుస్తుంటే నేనూ ఏడవాలి, లేకపోతే నేను మంచి ఫ్రెండ్‌ని కాదు.

వాస్తవం: ఇద్దరూ ఏడుస్తూ కూర్చుంటే నీళ్ల బాటిల్ తెచ్చిచ్చేదెవరు? ఏడుపు వస్తే రానివ్వండి, అయితే ఇది నాదా, వాడిదా అని ఒకసారి చూసుకోండి. ఎగ్జామ్ రోజు గేట్ దగ్గర ఒకడు "అరే, నాకేం రాదురా" అని వణుకుతుంటే మీ కడుపులో కూడా తిప్పుతుంది కదా, అప్పుడు వ్యాన్‌లో వచ్చేటప్పుడు ఈ భయం ఉందా అని గుర్తు తెచ్చుకోండి. లేకపోతే అది గేట్ దగ్గర అంటుకున్నదే. కాస్త పక్కకి జరిగి, మెల్లగా ఊపిరి వదిలి, తర్వాత వాడి భుజం మీద చెయ్యి వెయ్యండి.

అపోహ: ఎదురుగా ఉంటేనే అంటుకుంటుంది, ఫోన్‌లోంచి రాదు.

వాస్తవం: వస్తుంది, కొంచెమే. 2012 జనవరిలో ఫేస్‌బుక్ వాళ్లు 6,89,003 మందికి కనిపించే పోస్టుల్లో సంతోషానివో బాధవో తగ్గించి చూశారు, వాళ్లకి చెప్పకుండానే చేశారు, అది తప్పని చాలామంది తిట్టారు, నాకూ తప్పే అనిపిస్తుంది. ఆ మనుషులు రాసే మాటలు కూడా అటే మారాయి, తేడా మాత్రం చాలా చిన్నది. ఇక మన క్లాస్ పేరెంట్స్ వాట్సాప్ గ్రూప్ సంగతి, ఎగ్జామ్ ముందురోజు రాత్రి "మ్యాథ్స్ పేపర్ మస్తు టఫ్ అట" అని ఒకరు పెడితే అది చదివిన అమ్మ ముఖం చూసే పిల్లలకి నిద్ర పట్టదు. ఆ ఒక్క రాత్రికి గ్రూప్ మ్యూట్‌లో పెట్టెయ్యండి.