శాంటియాగో నడక: ఎక్కడికి చేరితే పూర్తయినట్టు? అపోహలు – వాస్తవాలు

నాది గుంటూరు. ఐర్లండ్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. స్పెయిన్‌లో శాంటియాగో దె కోంపొస్తెలా ఊరి కతీడ్రల్‌కి (క్రీస్తు శిష్యుడు పునీత యాకోబు సమాధి ఉందని నమ్మే పెద్ద చర్చికి) వెళ్ళే పాత యాత్రామార్గాన్ని, అంటే కమీనోని, రెండుసార్లు నడిచాను. ఆ తర్వాత నుంచి ఏటా సెలవు పెట్టి, పదిహేను రోజులు దారిలోని ఒక ఆల్బెర్గెలో సేవ చేస్తున్నాను. ఆల్బెర్గె అంటే యాత్రికుల సత్రం. పక్కలు సర్దడం, రాత్రికి వంట, బొబ్బలెక్కిన పాదాలకి కట్లు, ఇదే నా పని. ఈమధ్య మనవాళ్ళ ఫోన్లు బాగా పెరిగాయి. వీసా, బూట్లు, ఖర్చు అన్నీ అడిగాక చివరికి అందరూ ఒక్కచోటికే వస్తారు: "ఎంత నడిస్తే పూర్తయినట్టు అక్కా?" ఈ ప్రశ్న చుట్టూ ఉన్న అపోహల వల్లే దారిలో మనుషులు ఏడవడం, కాళ్ళు పాడుచేసుకోవడం చూశాను. అందుకే రాస్తున్నాను.

అపోహ: మొత్తం 800 కిలోమీటర్లు నడిస్తేనే యాత్ర. మిగతాదంతా టూరిజం.

ఫ్రాన్స్ వైపు సరిహద్దు ఊరు సెయింట్ జాన్ పియె ద పోర్ నుంచి బయల్దేరితే పిరనీస్ కొండలు దాటి, పాంప్లోనా, బుర్గోస్, లియోన్ మీదుగా శాంటియాగోకి సుమారు 780 కిలోమీటర్లు. నెలా ఐదు రోజులు పడుతుంది. కానీ ఆ ఊరే మొదలు అని చర్చి ఎప్పుడూ చెప్పలేదు. పోర్చుగల్ నుంచి ఒక దారి, సముద్రం పక్కన ఉత్తరాన ఒక దారి, ఒవియేదో నుంచి కొండల్లో ఒక దారి ఉన్నాయి. మధ్యయుగాల్లో ఎవరి యాత్ర వాళ్ళ గడపలోనే మొదలయ్యేది.

ఇప్పుడు యాత్ర పూర్తయినట్టు కోంపొస్తెలా అనే లాటిన్ పత్రం ఇవ్వడానికి శాంటియాగోలోని యాత్రికుల కార్యాలయం అడిగేది కనీసం 100 కిలోమీటర్ల నడక. సైకిల్ మీదైతే 200. క్రెదెన్సియాల్ అనే యాత్రికుల పుస్తకంలో దారి పొడుగునా ముద్రలు వేయించుకుంటూ వెళ్ళాలి, ఆ 100 కిలోమీటర్లలో రోజుకి రెండు. అందుకే 115 కిలోమీటర్ల దూరంలో ఉన్న సర్రియా ఊళ్ళో అంతమంది మొదలుపెడతారు. 2024లో దాదాపు 5 లక్షల మంది ఈ పత్రం తీసుకున్నారు.

సర్రియా నుంచి వచ్చినవాళ్ళని ఐదు వారాలు నడిచినవాళ్ళు తక్కువగా చూడడం భోజనాల బల్ల దగ్గర చాలాసార్లు గమనించాను. మనసుకి కష్టంగా ఉంటుంది. కీమో అయిన ఆరు నెలలకి, రోజుకి పన్నెండు కిలోమీటర్ల చొప్పున నడుస్తున్న ఒకావిడ అలాంటి మాట విని తన పుస్తకం మూసి దిండు కింద పెట్టేసుకుంది.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. పూర్వం శాంటియాగో చేరడం అంటే సగం నడిచినట్టే. తిరిగి కూడా నడిచే రావాలి కదా! యాత్ర గుర్తుగా అక్కడ కొనుక్కున్న ఆల్చిప్పని టోపీకో సంచికో కుట్టుకుని వెనక్కి బయల్దేరేవాళ్ళు. చనిపోయాక ఆ చిప్పతోనే పూడ్చిన యాత్రికుల సమాధులు యూరప్‌లో దొరికాయి. వాళ్ళకి యాత్ర ముగిసేది సొంత ఊరి చర్చి గంట వినబడినప్పుడు. మనం విమానం ఎక్కుతున్నాం కాబట్టి, సగం దూరంలోనే అయిపోయింది అనుకుంటున్నాం.

అపోహ: నడిచి పత్రం తెచ్చుకుంటే పాపాలన్నీ పోతాయి.

ఇది మన కతోలికుల ఇళ్ళలోనే ఎక్కువగా వింటాను. కోంపొస్తెలా వేరు, దండవిమోచన వేరు. పాపక్షమాపణ దొరికేది పాపసంకీర్తనంలో, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడంలో. క్షమించిన పాపానికి మిగిలిన శిక్ష తొలగడాన్ని దండవిమోచన అంటారు. పునీత యాకోబు పండుగ జూలై 25. అది ఆదివారం నాడు వచ్చిన ఏడాదిని పవిత్ర సంవత్సరంగా జరుపుతారు. ఆ ఏడాది కతీడ్రల్‌ని దర్శించి, పాపసంకీర్తనం చేసి, దివ్యసత్ప్రసాదం తీసుకుని, పోపుగారి తలంపుల కోసం ప్రార్థిస్తే పరిపూర్ణ దండవిమోచన లభిస్తుంది. ఈ షరతుల్లో నడక లేదు! బస్సులో వచ్చిన అమ్మమ్మకీ, 780 కిలోమీటర్లు నడిచిన కుర్రాడికీ అదే వరం. వచ్చే పవిత్ర సంవత్సరం 2027. ఇప్పటికే జనం ఎక్కువ, ఆ ఏడు ఇంకా పెరుగుతారు. వీసా పని త్వరగా మొదలుపెట్టండి.

అపోహ: బస్సెక్కినా, బ్యాగు ముందు ఊరికి పంపినా మోసం. ఆగిపోతే ఓడిపోయినట్టు.

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

2022లో ఒక సాయంత్రం మా సత్రానికి ఒక పెద్దాయన వచ్చారు, మన తెలుగాయనే. కుడి మోకాలి కింద ముందువైపు ఎర్రగా వాచి, వేలు పెడితే వేడిగా తగిలింది. దిగుడు దారుల్లో, తారురోడ్ల మీద వరసగా పెద్ద దూరాలు నడిస్తే అక్కడి కండర బంధనం వాస్తుంది. దానికి మందు విశ్రాంతే. అప్పటికే వారం రోజులుగా నొప్పి మాత్రలు వేసుకుని నడుస్తున్నారు. డాక్టరు ఇక నడవొద్దన్నారు. ఆయన వినలేదు. "మా ఆవిడ పేరు మీద మొక్కుకున్నానమ్మా. మొక్కు తీరకుండా ఇంటికెలా పోను?"

గుణదల మాత కొండకి ఫిబ్రవరి ఉత్సవాలకి మొక్కుకుని కాలినడకన వచ్చేవాళ్ళని చిన్నప్పటి నుంచీ చూశాను. అందుకే ఆ మాట బరువు నాకు తెలుసు. "పర్లేదులెండి బాబాయి గారూ" అనేసి ఊరుకోలేకపోయాను.

మర్నాడు ఆయన్ని టాక్సీలో విల్యఫ్రాంకా దెల్ బియెర్సో ఊరికి తీసుకెళ్ళాను. శాంటియాగో ఇంకా 185 కిలోమీటర్లు పైనే ఉంటుంది. ఊరి మొదట్లో పునీత యాకోబు పేరిట ఒక చిన్న రాతి గుడి, దానికి ఉత్తరం వైపు ఒక ద్వారం ఉన్నాయి. దాని పేరు క్షమాపణ ద్వారం. జబ్బుపడి ముందుకు వెళ్ళలేని యాత్రికులు ఆ ద్వారం దగ్గరికి చేరితే శాంటియాగో చేరినవాళ్ళకి దక్కే వరమే వాళ్ళకీ దక్కుతుందని వందల ఏళ్ళ నాటి ఏర్పాటు. పవిత్ర సంవత్సరంలో మాత్రమే తెరుస్తారు. 2021 పవిత్ర సంవత్సరాన్ని కరోనా వల్ల పోపు ఫ్రాన్సిస్ 2022 దాకా పొడిగించారు కాబట్టి ఆ రోజు తలుపు తెరిచే ఉంది.

ఆయన లోపల బల్ల మీద గంటసేపు కూర్చున్నారు. నేను బయట మెట్ల మీద ఉన్నాను. ఏం ప్రార్థించారో అడగలేదు. అక్కడి నుంచే ఇంటికి వెళ్ళిపోయారు.

నడవలేని మనిషి ఉంటాడని వందల ఏళ్ళ కిందటే ఆలోచించి గుమ్మం కట్టించినవాళ్ళ దారి ఇది. అలాంటి దారిలో బ్యాగు పంపించినందుకు తోటి యాత్రికుణ్ణి తప్పుపట్టే హక్కు మనకి ఎక్కడిది? పత్రం కావాలంటే మాత్రం నియమం నియమమే. కనీస దూరంలో బస్సెక్కితే రాదు, బ్యాగు పంపినా వస్తుంది. జబ్బుగా ఉన్నవాళ్ళ కోసం, చనిపోయినవాళ్ళ కోసం మీరు నడిస్తే మీ పత్రం మీదే వాళ్ళ పేరు కూడా రాస్తారు. అడగాలి.

అపోహ: క్రైస్తవులకే పత్రం ఇస్తారు.

కాదు. ఎందుకు నడిచారని అడుగుతారు. భక్తి, ఆధ్యాత్మికత, లేదా ఏదో వెతుక్కుంటూ వచ్చాను అన్నా ఇస్తారు. కేవలం వ్యాయామానికి అంటే వేరే పత్రం ఉంటుంది.

అపోహ: వయసులో ఉంటే చాలు, ఫిట్‌నెస్ ఉంటే బొబ్బలు రావు.

నేను కట్టు కట్టిన పాదాల్లో జిమ్ కుర్రాళ్ళవి తక్కువేం కాదు. మొదటి వారంలో రోజుకి ముప్పై కిలోమీటర్లు లాగడమే కారణం. బూటు మామూలు కొలత కన్నా కాస్త పెద్దది తీసుకోండి, సాయంత్రానికి పాదం ఉబ్బుతుంది. కొత్త బూట్లతో బయల్దేరకండి. బ్యాగు మీ బరువులో పదోవంతు దాటనివ్వకండి. ఎక్కడైనా కాస్త మండినట్టు అనిపిస్తే అక్కడే ఆగి సాక్సు విప్పి చూడండి. దారి తప్పుతామన్న టెన్షన్ వద్దు. ఓ సెబ్రెయిరో ఊరి చర్చి ఫాదర్ ఎలియాస్ వలీన్య 1984లో మొదలుపెట్టిన పసుపు బాణాలు అడుగడుగునా ఉంటాయి.

అపోహ: కతీడ్రల్‌లో రోజూ పెద్ద ధూపపాత్ర ఊగుతుంది.

బొతఫుమెయిరో అనే ఈ పాత్ర బరువు 50 కిలోల పైనే, ఎనిమిది మంది తాళ్ళు లాగాలి. కొన్ని పండుగ రోజుల్లోనే ఊపుతారు, లేదా ఎవరైనా ముందుగా కానుక ఇచ్చి అడిగితే. అది చూడలేదని నిరాశపడకండి.

అపోహ: ఫినిస్తెరె సముద్రం దగ్గర బూట్లు కాల్చేస్తేనే అసలు ముగింపు.

శాంటియాగో నుంచి మరో 90 కిలోమీటర్లు నడిస్తే అట్లాంటిక్ తీరంలో ఫినిస్తెరె వస్తుంది. చాలా అందమైన నడక, వీలుంటే తప్పకుండా వెళ్ళండి. నేను అక్కడ సాయంత్రం దాకా కూర్చున్నాను. కానీ బూట్లు, బట్టలు కాల్చడం కొత్త అలవాటు, అక్కడ నిషేధం కూడా. రబ్బరు పొగ, రాళ్ళ మీద నల్ల మరకలు. ఆ బూట్లు ఇంటికి తెచ్చుకోండి. నావి మా అమ్మ గుంటూరులో గుమ్మం పక్కనే పెట్టుకుంది, మట్టి కూడా కడగనివ్వలేదు.