పప్పుచారు పసుపు ఎందుకు వదలదు?

చిట్టితల్లీ,

ఈ ఉత్తరం తమ్ముడికి కూడా చదివి వినిపించు.

ప్లాస్టిక్ లంచ్ డబ్బాను అమ్మ ఎంత తోమినా పప్పుచారు పసుపు పోవడం లేదనీ, స్టీలు గిన్నెకు అంటని రంగు దానికే ఎందుకు అంటుతుందనీ అడిగావు. పెద్దవాళ్లం రోజూ ఆ మరక చూస్తాం, విసుక్కుంటాం, ఈ ప్రశ్న మాత్రం వేసుకోం.

పసుపులోని రంగు నీళ్లలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. తాలింపు నూనెతో పాటు అది ప్లాస్టిక్ లోపలికే దిగింది. పైపైన అంటుకున్నదైతే పీచుకు వచ్చేసేది. అంటే ఆ నున్నటి డబ్బాలో దారులున్నాయన్నమాట. లోపలికి దారి ఉంటే బయటికీ ఉంటుంది.

మన గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు, అంటే మిర్చి నింపిన గోనె బస్తాలు, చూశావుగా. గోనె పోగుల అల్లికలోంచి కాయ రాదు. సందుల్లో చిక్కిన కారపు ధూళి మాత్రం వస్తుంది. ప్లాస్టిక్‌లో పొడవాటి అణువుల గొలుసులే ఆ పోగులు. మెత్తదనానికీ రంగుకూ కలిపిన పదార్థాలు చాలావరకు వాటికి కట్టేసి ఉండవు, సందుల్లో ఇరుక్కుని ఉంటాయి. నీడలో కదలని టిక్కీ ఊరుకుంటుంది. ఎండ తగిలి, హమాలీ భుజానికెత్తుకున్నాడా, వీధంతా తుమ్ములే! డబ్బాకు వేడే ఎండ. నూనె హమాలీ. పీచు గీతలు పడ్డ పాత డబ్బా చిరుగుల గోనె.

నా చిన్నప్పుడు మార్చి వస్తే మా వీధిలో మిర్చి బండ్లు బారులు తీరేవి. నాయనమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే అన్నం వడ్డించేది. ఊరగాయ మాత్రం పింగాణీ జాడీలోనే పెట్టి, మూతికి వాసెన కట్టి అటకెక్కించేది. ఉప్పు, పులుపు, నూనె ఏడాదంతా కూర్చునే పాత్ర ఎలాంటిదో చూసుకోవాలని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

గట్టిగా, గాజులా మెరిసే పాలీకార్బొనేట్ ప్లాస్టిక్‌ను బిస్ఫినాల్-ఎ అనే పదార్థంతో చేస్తారు. అది మన ఒంట్లోని ఈస్ట్రోజన్ హార్మోనులా ప్రవర్తించగలదని 1936లోనే గమనించారు. 2011లో యూరప్ దేశాలు పసిపిల్లల పాలసీసాల్లో దాన్ని నిషేధించాయి. ఒక్క పూట తింటే జబ్బు చేస్తుందని కాదు, భయపడకండి. రోజూ కొంచెం కొంచెం ఒంట్లో చేరడమే నాకు నచ్చనిది. ఎదిగే పిల్లల ఒళ్లు హార్మోన్ల మాట వింటూ పెరుగుతుంది. అందుకే ఈ జాగ్రత్త ముందు మీకు కావాలి.

కర్రీ పాయింట్‌కు వెళ్లేటప్పుడు నాన్నను స్టీలు క్యారేజీ పట్టుకెళ్లమను. పొగలు కక్కే సాంబారును పల్చటి కవర్లో పోయించుకోవడం చూస్తే నా ప్రాణం ఉసూరుమంటుంది. మైక్రోవేవ్‌లో వేడి చేయాలంటే గాజు గిన్నెలోకి మార్చమని అమ్మకు చెప్పు. స్టీలుది మాత్రం అందులో పెట్టకూడదు, అది పొయ్యి మీదికే. ‘మైక్రోవేవ్‌లో పెట్టవచ్చు’ అని రాసి ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఆ వేడికి వంకర పోకపోవచ్చు. అందులోంచి కూరలోకి ఏమీ దిగదని మాత్రం దానర్థం కాదు.

ఇక మీరిద్దరూ వంటింట్లోకి వెళ్లి డబ్బాలన్నీ బోర్లించి చూడండి. చాలావాటి అడుగున చిన్న త్రిభుజం, అందులో ఒక అంకె ఉంటాయి. నీళ్ల సీసాకు 1, గట్టి డబ్బాలకు ఎక్కువగా 5. పాలీకార్బొనేట్ 7లోకి వస్తుంది, కానీ 7 ఉన్నదల్లా అదే కాదు. అంకె ఏ రకం ప్లాస్టికో చెబుతుందంతే, మంచిదని ముద్ర కాదు. ఏ అంకె ఎన్నింటికి ఉందో రాసి నాకు పంపండి. అసలు అంకే లేనివి దొరికితే మీ రంగు పెన్సిళ్లకు అడిగి తీసుకోండి.

మీ తాతయ్య