ఒకే గీతపై రెండు కొలతలు: మిల్లీమీటరు పక్కన అంగుళం ఎలా చేరింది?

ప్లానులో ఒక గోడకు 12 అడుగుల 4 అంగుళాలు అని రాసి, పక్కనే బ్రాకెట్లలో మిల్లీమీటర్లలో 3759 అని ఉంటే, ఆ రెండో అంకె కోసం డ్రాఫ్ట్స్‌మన్ పెద్దగా శ్రమపడి ఉండడు. కంప్యూటర్ డ్రాయింగులో కొలతలు ఎలా కనబడాలో చెప్పే సెట్టింగు, అంటే డైమెన్షన్ స్టైల్లో ఒక్క టిక్ పెడితే డ్రాయింగు మొత్తానికీ వచ్చేస్తుంది. చేత్తో గీసే రోజుల్లో ప్రతి కొలతనూ పట్టిక చూసి మార్చాలి, రెండుసార్లు రాయాలి, రెండుసార్లు సరిచూడాలి. అందుకే రెండు కొలతలు వేయడం గత్యంతరం లేనప్పుడు మాత్రమే చేసేవారు. ఆ శ్రమే ఒక అడ్డుకట్టగా పనిచేసింది. కంప్యూటర్ వచ్చాక అది తెగిపోయింది.

మార్పిడి లెక్కలో తప్పేమీ లేదు. 1893లో అమెరికా తన గజాన్ని మీటరులో 3600/3937 వంతుగా నిర్ణయించుకుంది. దానివల్ల అమెరికా అంగుళానికీ బ్రిటన్ అంగుళానికీ అతి సన్నని తేడా ఉండేది. 1959లో అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, దక్షిణాఫ్రికా కలిసి గజం 0.9144 మీటర్లని ఒప్పుకోవడంతో అంగుళం సరిగ్గా 25.4 మిల్లీమీటర్లయింది. ఇది ఉజ్జాయింపు కాదు, నిర్వచనమే. అయితే అమెరికా భూసర్వేలో పాత అడుగు 2022 చివరి దాకా నడిచింది. రెండు అడుగుల మధ్య తేడా పది లక్షల్లో రెండు పాళ్లే కాబట్టి భవనం కొలతల్లో అది కనబడదు. కానీ సైటు ప్లాను కోఆర్డినేట్లు (స్థలం ఎక్కడుందో చెప్పే అంకెలు) ఇరవై లక్షల అడుగుల దగ్గర ఉంటే, తప్పు అడుగు ఎంచుకున్నందుకు స్థలం నాలుగు అడుగులు పక్కకు జరుగుతుంది.

బ్రిటన్ 1965లో మెట్రిక్ వైపు వెళ్తానని ప్రకటించింది. ఆస్ట్రేలియా భవన నిర్మాణ రంగం 1974 జనవరిలో మార్పు మొదలుపెట్టి, అప్పటికే డిజైనులో ఉన్నవి మినహా కొత్త భవనాలకు రెండేళ్లలో పూర్తిచేసింది. అక్కడ తీసుకున్న ఒక నిర్ణయాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. డ్రాయింగుల్లో సెంటీమీటర్లు వద్దన్నారు, అంతా మిల్లీమీటర్లే. దశాంశ బిందువు ఉండదు, 2400 అంటే 2400. చదివేవాడికి అనుమానం రాదు. అమెరికా సంగతి వేరు. 1975లో చట్టం వచ్చినా మార్పు ఐచ్ఛికం. 1988 సవరణ, 1991 నాటి అధ్యక్ష ఉత్తర్వు ప్రభుత్వ భవనాలను మెట్రిక్ వైపు నెట్టాయి. ఆ సమయంలో వచ్చిన ఫెడరల్ నిర్మాణ మార్గదర్శి డ్రాయింగుల మీద రెండు యూనిట్లు వేయొద్దని గట్టిగానే చెప్పింది. డైమెన్షనింగ్‌కి ఎక్కువ సమయం పడుతుంది, తప్పుకు రెండింతలు చోటుంటుంది, పైగా కొత్త కొలత నేర్చుకోవడం వాయిదా పడుతుంది అన్నవి దాని కారణాలు. ఈ మూడూ నేటికీ నిజమే.

అసలు చిక్కు యూనిట్లలో లేదు, వస్తువుల్లో ఉంది. ఎనిమిది అడుగుల ప్లైవుడ్ షీటు పొడవు 2438.4 మిల్లీమీటర్లు. దాన్ని 2438 అని రాస్తే మెత్తని మార్పిడి: వస్తువు అదే, పేరు మారింది. 2400 షీటు తెప్పిస్తే గట్టి మార్పిడి: వస్తువే మారింది. భవనంలోని వస్తువుల సైజులకు ఆధారమైన మూల కొలతను మాడ్యూలు అంటారు. అంగుళాల మాడ్యూలు 4 అంగుళాలు, అంటే 101.6, మెట్రిక్ ప్రాథమిక మాడ్యూలు 100. ఒక్క మాడ్యూలులో 1.6 మిల్లీమీటర్ల తేడాను ఎవరూ పట్టించుకోరు. కానీ 8 అంగుళాల కాంక్రీటు బ్లాకు వరసలు పదిహేను పేరిస్తే 3048, 200 మిల్లీమీటర్ల వరసలు పదిహేను పేరిస్తే 3000. గోడ పైన 48 మిల్లీమీటర్ల సందు మిగులుతుంది, లేదా బ్లాకు కొట్టాలి. గట్టి మెట్రిక్ బ్లాకు కావాలంటే తయారీదారు అచ్చులే మార్చుకోవాలి. అమెరికాలో ఈ విషయమే చట్టసభ దాకా వెళ్లింది. 1996లో వచ్చిన చట్టం కాంక్రీటు బ్లాకులు, సీలింగులో అమర్చే దీపాల విషయంలో గట్టి మెట్రిక్‌ను కోరే అధికారాన్ని ప్రభుత్వ సంస్థలకు బాగా కుదించింది. బ్రాకెట్లలోని అంకె చూసి, ఇది మెత్తనిదో గట్టిదో సైటులో ఉన్నవాడు చెప్పలేడు. రెండు కొలతల డ్రాయింగు దాచిపెట్టేది సరిగ్గా దీన్నే.

1982లో కంప్యూటర్‌లో డ్రాయింగులు గీసే ఆటోక్యాడ్ సాఫ్ట్‌వేర్ వచ్చింది. దాని ‘ఆల్టర్నేట్ యూనిట్స్’ సదుపాయాన్ని డిమ్‌ఆల్ట్ అనే వేరియబుల్ నడిపిస్తుంది, గుణకం డిమ్‌ఆల్ట్‌ఎఫ్‌లో ఉంటుంది. అంగుళాల్లో గీసిన డ్రాయింగుకు గుణకం 25.4. మిల్లీమీటర్లలో గీస్తే 0.03937008, మీటర్లలో గీస్తే 39.37008. ఇక్కడ జరిగే తప్పులు దాదాపు ఎప్పుడూ ఇవే. గుణకాన్ని 0.0394 అని గుండ్రం చేసి కొడితే 30 మీటర్ల గోడ దాదాపు 0.9 అంగుళం, అంటే 23 మిల్లీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. అడుగుల కోసమని 0.00328 వేసి ఫార్మాటును అడుగులు-అంగుళాల్లో చూపే ఆర్కిటెక్చరల్‌గా ఉంచితే, ఆ ఫార్మాటు వచ్చిన అంకెను అంగుళాలుగా చదువుతుంది కాబట్టి కొలత పన్నెండో వంతుకు పడిపోతుంది. ఇది వెంటనే కంటపడుతుంది. 0.0394 తప్పే ప్రమాదకరం, ఎందుకంటే చిన్న గదుల్లో అది ఎక్కడా బయటపడదు.

డైమెన్షన్ టెక్స్టును చేత్తో మార్చడం ఇంకో ఉచ్చు. కొలిచిన అంకె స్థానంలో నేరుగా 3760 అని టైపు చేస్తే ప్రత్యామ్నాయ అంకె కూడా పోతుంది. రెండూ చేత్తో రాస్తే, తర్వాత గోడ జరిపినా అవి కదలవు. ఏదైనా మాట చేర్చాలంటే ప్రధాన విలువకు కోణపు బ్రాకెట్ల జత, ప్రత్యామ్నాయానికి చదరపు బ్రాకెట్ల జత అలాగే ఉంచి, పక్కన రాయాలి. రెండో అంకెను ప్రధాన విలువ కింద పెట్టే ఎంపిక ఉంది. ఇరుకు గోడల దగ్గర పక్కపక్కన పెడితే అంకెలు ఒకదానిమీద ఒకటి పడతాయి. లెవెల్ గుర్తులు, తలుపుల షెడ్యూలు, గదుల పేర్ల కింద రాసిన సైజులు డైమెన్షన్లు కావు. వాటికి ఈ టిక్ వర్తించదు. షీటులో సగం రెండు యూనిట్లలో, సగం ఒకదాంట్లో మిగిలిపోయేది అందుకే.

గుణకం సరిగ్గా ఉన్నా వరస కొలతల మొత్తం సరిపోలదు. 12 అడుగుల 4 అంగుళాల గదులు మూడు, మొత్తం 37 అడుగులు. ఒక్కోటి 3759.2 కాబట్టి 3759 అని కనబడుతుంది, మూడు కలిపితే 11277. మొత్తం మాత్రం 11277.6 కాబట్టి 11278. తిరగేసి చూడండి: 3600 మిల్లీమీటర్ల బేలు (స్తంభాల మధ్య దూరాలు) నాలుగు. ఎనిమిదో వంతు అంగుళానికి గుండ్రం చేస్తే ఒక్కోటి 11 అడుగుల 9 3/4 అంగుళాలు, కలిపితే 47 అడుగుల 3 అంగుళాలు. మొత్తం 14400 మాత్రం 47 అడుగుల 2 7/8 అంగుళాలు చూపిస్తుంది. సాఫ్ట్‌వేర్ ప్రతి కొలతనూ విడిగా గుండ్రం చేస్తుంది, వరసను కాదు. ఎనిమిదో వంతు అంటే 3.175 మిల్లీమీటర్లు, మిల్లీమీటరు ఖచ్చితత్వానికి దగ్గరగా రావాలంటే 1/32 అంగుళం దాకా వెళ్లాలి, దాన్ని సైటులో ఎవరూ చదవరు.

అందుకే రెండు కొలతలు తప్పనిసరైన చోట పని ఇలా చేయాలి. ఏ యూనిట్లో డిజైను చేశారో అదే ప్రధానం, అదే బ్రాకెట్ల బయట. బ్రాకెట్లలోది సమాచారం కోసమేననీ, తేడా వస్తే ప్రధాన కొలతే చెల్లుతుందనీ ప్రతి షీటు నోట్సులో రాయాలి, మొదటి షీటులో మాత్రమే కాదు, ఎందుకంటే సైటుకు షీట్లు విడివిడిగానే వెళ్తాయి. రెండు డైమెన్షన్ స్టైళ్లు పెట్టుకుని, ప్రత్యామ్నాయ అంకెను మొత్తం పొడవులకు, స్తంభాల స్థానాలు చూపే గ్రిడ్ లైన్లకు మాత్రమే ఇవ్వాలి. లోపల ఒకదాని పక్కన ఒకటి వేసే గొలుసు కొలతలకు ఇవ్వకూడదు. తప్పనిసరిగా ఇవ్వాల్సి వస్తే, ఒకే మూల నుంచి పెరుగుతూ పోయే బేస్‌లైన్ కొలతలకు ఇస్తే గుండ్రం చేసిన తేడాలు కూడవు. స్కేలు విషయం మరవకూడదు: అడుగుకు పావు అంగుళం అంటే 1:48, దగ్గరి మెట్రిక్ స్కేలు 1:50. రెండు అంకెలు చూసి ధైర్యంగా చేతిలోని తప్పు స్కేలుపట్టీ పెట్టి కొలిస్తే నాలుగు శాతం తేడా వస్తుంది. షీటు పంపే ముందు, తెలిసిన పొడవు, ఉదాహరణకు సరిగ్గా 25400 మిల్లీమీటర్ల గీత ఒకటి గీసి, అదే స్టైల్లో కొలత వేసి చూడాలి. బ్రాకెట్లో 83 అడుగుల 4 అంగుళాలు రావాలి. ఎనిమిదో వంతు అంగుళం తేడా చూపినా గుణకం దగ్గరికే వెళ్లి చూడాలి.