మీసేవ కాగితం వెనుక నలభై ఏళ్లు

జూన్ వచ్చిందంటే మీసేవ కేంద్రాల ముందు పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన తల్లిదండ్రులే కనిపిస్తారు. కులం, ఆదాయం, నివాసం సర్టిఫికెట్లు లేకపోతే ఫీజు రీయింబర్స్‌మెంట్ దాకా అన్నీ ఆగిపోతాయి. అప్లికేషన్ పెట్టిన కాసేపటికే రసీదు చేతికొస్తుంది. ఆ తర్వాత ఎన్ని రోజులు గడిచినా ‘పెండింగ్’ అన్న మాట కదలదు. అంతా కంప్యూటర్‌లోనే అయినప్పుడు ఇంత ఆలస్యం ఎందుకని అడగడం న్యాయమే. జవాబు కోసం కాస్త పాత కథ తవ్వాలి.

1984 దాకా ఊరి లెక్కలన్నీ కరణం చేతిలో ఉండేవి. తెలంగాణలో ఆయన్నే పట్వారీ అనేవారు. తాత తర్వాత తండ్రి, తండ్రి తర్వాత కొడుకు, ఇలా పదవి ఒకే ఇంట్లో తిరిగేది. ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ పదవులను రద్దు చేసింది. మరుసటి ఏడాది మండలాలొచ్చాయి. ఆఫీసు ఊరికి దగ్గరైన మాట నిజమే గానీ, రికార్డు కరణం ఇంట్లోంచి మండలాఫీసు బీరువాలోకి చేరింది. ఎమ్మార్వో ఆకుపచ్చ సిరా సంతకం, పక్కన గుండ్రటి ముద్ర పడితేనే కాగితానికి విలువ.

నా ఇంటర్ అడ్మిషన్‌ అప్పుడు ఆ సంతకం కోసం నాన్న, నేను మూడు రోజులు తిరిగాం. తెల్లకాగితం మీద అర్జీ, దానికి కోర్టు ఫీజు స్టాంపు, రేషన్ కార్డు జిరాక్సు. ‘సారు క్యాంపులో ఉన్నారు’ అంటే ఆ రోజు పోయినట్టే, నాన్న కూలీ పోయినట్టే.

కంప్యూటర్ ముందుగా వెళ్లింది రిజిస్ట్రేషన్ ఆఫీసులకు. 1998లో ‘కార్డ్’ ప్రాజెక్టు మొదలయ్యాక, దస్తావేజులను పెద్ద పుస్తకాల్లోకి చేత్తో ఎక్కించే పని తప్పింది. ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం) కోసం రోజుల తరబడి ఎదురుచూసే బాధ తగ్గింది.

1999 డిసెంబరులో బంజారాహిల్స్‌లో ‘ట్విన్స్’ పేరుతో ఒక చిన్న ప్రయోగం జరిగింది. అదే 2001 ఆగస్టులో ఈసేవ అయింది. అంతకుముందు హైదరాబాద్‌లో కరెంటు బిల్లుకు ఒక చోట, నీటి బిల్లుకు ఇంకో చోట, ఫోన్ బిల్లుకు మరో చోట లైన్లో నిలబడాలి. ఈసేవలో ఏ కౌంటర్‌లోనైనా ఏ బిల్లయినా, మున్సిపాలిటీ ఆస్తి పన్నుతో సహా, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా కట్టే వీలుండేది. సాఫ్ట్‌వేర్ రాయడం కంటే, ఎవరి కౌంటర్ వాళ్లు కాపాడుకునే శాఖలను ఒక్క చోట కూర్చోబెట్టడమే అసలు కష్టమని నా అభిప్రాయం. ఆ పని చేసినవాళ్లకు దక్కాల్సినంత పేరు దక్కలేదు. పశ్చిమ గోదావరిలోనైతే పొదుపు సంఘాల మహిళలే పల్లెల్లో ఈసేవ కేంద్రాలు నడిపారు.

కానీ జనన, మరణ ధ్రువపత్రాల్లాంటి కొన్ని తప్ప, ఈసేవలో ఎక్కువగా జరిగింది మనం ప్రభుత్వానికి డబ్బు కట్టడమే. ప్రభుత్వం నుంచి మనం కాగితం తెచ్చుకోవడం తేలిక కావడానికి ఇంకో పదేళ్లు పట్టింది.

2011 నవంబరు 4న చిత్తూరు జిల్లాలో మీసేవ మొదలైంది. డిజిటల్ సంతకం చెల్లుతుందని 2000లోనే ఐటీ చట్టం చెప్పింది. ఆ మాట మామూలు మనిషి చేతిలోకి వచ్చింది మాత్రం మీసేవతోనే. ఆకుపచ్చ సిరా అక్కర్లేదు, కాగితం మీది నంబరు చూసి అది అసలుదో నకిలీదో తేల్చుకోవచ్చు.

మన ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. మీసేవలో సర్వీసులు రెండు రకాలు: ‘ఏ’ కేటగిరీ, ‘బీ’ కేటగిరీ. అడంగల్, వన్‌-బీ లాంటి భూమి రికార్డులు ‘ఏ’ కేటగిరీ. వివరాలు ముందే డేటాబేస్‌లో ఉంటాయి కాబట్టి అక్కడికక్కడే ప్రింటు ఇస్తారు. ఆదాయం సర్టిఫికెట్ ‘బీ’ కేటగిరీ. ఒక కూలీ ఏడాదికి ఎంత సంపాదించాడో ఏ డేటాబేస్‌లోనూ ఉండదు. ఎవరో ఒకరు విచారించి రిపోర్టు రాయాలి. తహసీల్దారు డిజిటల్ సంతకానికి క్షణం చాలు. ఆ రిపోర్టు వచ్చేదాకా అప్లికేషన్ కదలదు.

అందుకే 2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన గ్రామ, వార్డు సచివాలయాలు నాకు ముఖ్యంగా కనిపిస్తాయి. 15 వేలకు పైగా సచివాలయాల్లో మిషన్లతో పాటు మనుషుల్ని పెట్టారు. తెలంగాణ 2020లో వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) వ్యవస్థను రద్దు చేసి, 2025లో గ్రామ పాలన అధికారుల పేరుతో మళ్లీ ఊళ్లకు మనుషుల్ని పంపింది.

2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్‌లో ‘మన మిత్ర’ వచ్చింది. 161 సేవలతో మొదలై, వాట్సాప్‌లోనే అప్లికేషన్ పెట్టుకునే వీలు కల్పించింది. మా అమ్మలాంటి వాళ్లకు మాత్రం వాట్సాప్ అంటే మనవడి ఫొటోలు చూసుకోవడమే. ఓటీపీ అనగానే టెన్షన్ పడి ఫోన్ నా చేతికిస్తుంది. అలాంటి వాళ్ల కోసం మీసేవ కేంద్రంలో కుర్చీలో మనిషి ఉండి తీరాలి. ఇక ఆ ‘పెండింగ్’ పక్కన, ఫైలు ఏ అధికారి దగ్గర ఎన్ని రోజులుగా ఉందో కూడా ఫోన్‌కు మెసేజ్ రావాలి.